తొలగించిన భాగం

ఊళ్లో సగం మేడలకి లిఫ్టులు నడిపించే మెకానిక్ ఉంటున్న ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కాల్సిందే. ఆ గురువారం సాయంత్రం రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి కూతురి ఏడుపు వినిపించింది. అతను ఆగి చేతి గడియారం చూసుకున్నాడు. ఆరు దాటి పన్నెండు నిమిషాలు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద ఆ అంకె వేసుకుని మళ్లీ మెట్లెక్కాడు.

ఎదురింటి మాస్టారు తలుపు తీసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన బడి నుంచి రిటైరై పదేళ్లయినా ఏ చప్పుడైనా వినిపిస్తే గుమ్మంలోకి వచ్చి నిలబడే అలవాటు పోలేదు.

"సైరన్ గారు డ్యూటీ ఎక్కేశారయ్యా," అన్నాడు. "నిన్నటికంటే రెండు నిమిషాలు ఆలస్యం. హాజరు పట్టీలో వేసుకో."

మెకానిక్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఏడు వారాల పిల్ల రోజూ దీపాలు పెట్టే వేళకి మొదలెట్టి, ఇంచుమించు తొమ్మిది దాకా గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంటే ఏ తండ్రికి నవ్వొస్తుంది?

ఇంట్లో నాయనమ్మ, అంటే అతని తల్లి, పాపని భుజాన వేసుకుని హాలంతా తిరుగుతోంది. పాప మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, మొహమంతా కందగడ్డ చేసుకుని ఏడుస్తోంది. నాయనమ్మ ఆ చిన్న వీపు మీద పరుపు దులిపినట్టు చరుస్తోంది. భార్య వంటింట్లో గట్టు దగ్గర నిలబడే అన్నం తింటోంది. కంచంలో ఉత్తన్నం, ఉడికించిన క్యారెట్టు ముక్కలు నాలుగు, ఓ పక్కన చిటికెడు ఉప్పు ఉన్నాయి.

అతను చెప్పులు విప్పి, చేతులు కడుక్కునే ముందే గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న పుస్తకం అందుకున్నాడు. అది కంపెనీ సర్వీసు పుస్తకం. ప్రతి లిఫ్టుకీ ఒకటి ఉంటుంది. వాడనిది ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. పేజీ మీద గళ్లు అచ్చేసి ఉంటాయి: తేదీ, లోపం మొదలైన సమయం, ఆగిన సమయం, తొలగించిన భాగం, ఫలితం. 'తొలగించిన భాగం' కింద అతని గుండ్రటి అక్షరాల్లో కాఫీ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, క్యాబేజీ, చిక్కుడు, గుడ్డు, పాలు, టమాటా, అరటిపండు, ఇలా ఇరవై రోజుల వరస ఉంది. 'ఫలితం' కింద పైనుంచి కిందిదాకా ఒకటే మాట: మార్పు లేదు.

ఇదంతా నాయనమ్మ మాటతో మొదలైంది. బిడ్డ కడుపునొప్పికి తల్లి తిండే కారణమని ఆవిడ నమ్మకం. ఏ తిండో కనిపెట్టే పద్ధతి మాత్రం కొడుకుది. పనిలో అతనికి 'డాక్టరు' అని పేరు. ఎంత మొండి లిఫ్టయినా ఒక్కో భాగం తీసి చూసుకుంటూ పోతే లోపం ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుందని అతని ధీమా. తల్లీ కొడుకూ ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. పాపంటే ఇద్దరికీ ప్రాణం. అందుకే వాళ్లకి అడ్డు చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

"రేపట్నించి క్యారెట్టు కూడా ఆపి చూద్దాం," అన్నాడు మెకానిక్ పుస్తకంలో రాస్తూనే.

"అయితే ఇంక ఉప్పొక్కటే మిగుల్తుందండీ," అంది భార్య.

ఆమె వేళాకోళానికే అంది. ఎవరూ నవ్వకపోయేసరికి కంచం వైపు చూసుకుంది.

"ఆదివారం దాకా చూద్దాంరా," అంది నాయనమ్మ, చరవడం ఆపకుండా. "అప్పటికీ తగ్గకపోతే సోమవారం నుంచి డబ్బా పాలే. కొందరి పాలు పిల్లలకి పడవు. దాంట్లో ఎవరి తప్పూ లేదు."

డబ్బా అప్పటికే కొని, మూత తియ్యకుండా అలమార పై అరలో పెట్టారు. భార్య ఓసారి అటు చూసి రెండు చేతులూ గుండెల మీద కట్టుకుంది.

"నా పాలే పడట్లేదంటారు."

"అలా అని కాదు..." అని మెకానిక్ నీళ్లు నమిలాడు. "లోపం ఎక్కడుందో తేలాలిగా."

"సరే," అంది ఆమె.

ఈ మధ్య ఆమె దేనికైనా సరే అంటోంది. అలా అనడం అతనికి హాయిగానే ఉంది. ఆమె కంచం కడిగేసి వచ్చి పాపని తీసుకుని పాలు పట్టబోయింది. పాప రెండు గుక్కలు తాగి, వీపు విల్లులా వంచి, మళ్లీ ఏడుపు అందుకుంది. "చూశావా, ముట్టుకోనైనా ముట్టుకోవట్లేదు," అంది నాయనమ్మ. ఎనిమిదీ యాభైకి పాప తనంతట తనే ఏడుపు ఆపి నిద్రపోయింది. మెకానిక్ ఆ అంకె వేసి, పక్క గడిలో మార్పు లేదు అని రాశాడు.

మర్నాడు పొద్దున్న పదకొండంతస్తుల ఆఫీసు మేడలో లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ ఇరుక్కుపోయింది. మెకానిక్, అతనితో పనిచేసే పొట్టిమేస్త్రీ వెళ్లేసరికి ఆవిడ తలుపు బాదుతోంది. మెకానిక్ సంచీ కింద పెట్టి, పనిముట్లు ముట్టుకోకుండా, ముందు తలుపు సందుకి నోరు ఆనించాడు.

"అమ్మా, నేను లిఫ్టు మెకానిక్‌ని. వచ్చేశాం. లోపలికి గాలి ఆడుతుంది, భయం లేదు. తలుపుకి కాస్త దూరంగా నిలబడండి."

"పడిపోదు కదా బాబూ?"

"పడదమ్మా. పడకూడదనే ఆగింది. నేను పైకెళ్లి చేత్తో తిప్పి కిందికి దింపుతాను. మెల్లిగా కదులుతుంది. మా మేస్త్రీ ఇక్కడే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు. ఆయన మాట్లాడ్డం ఆపితే నాకు చెప్పండి, జరిమానా వేస్తాను."

లోపలావిడ సన్నగా నవ్వడం వినిపించింది. అప్పుడు అతను పైన మెషిన్ రూముకి వెళ్లి, కరెంటు ఆపి, బ్రేకు మీటని కొద్దికొద్దిగా వదులుతూ చక్రాన్ని చేత్తో తిప్పాడు. పావుగంటలో ఆవిడ నాలుగో అంతస్తులో బయటపడి, నీళ్లు తాగి, మెట్ల మీదుగా వెళ్లిపోయింది.

తర్వాత అసలు పని మొదలైంది. ప్రతి అంతస్తు తలుపుకీ ఒక తాళం, తాళంలో ఒక చిన్న ఇత్తడి నాలుక ఉంటాయి. పదకొండు నాలుకలూ సరిగ్గా తగిలితేనే లిఫ్టు కదులుతుంది. ఏ ఒక్కటి సరిగ్గా తగలకపోయినా ఆగుతుంది. ఆ ఒక్కటీ ఏదో చూసి తేల్చుకోవాల్సిందే. మెకానిక్ మొదటి అంతస్తు నుంచి మొదలెట్టాడు. మూత విప్పి, నాలుక తుడిచి, మీటరు పెట్టి చూసి, బాగానే ఉందని తేలాక మూత బిగించి, మరలు నాలుగూ తిప్పి, వేలితో కదిపి చూసుకుని రెండో అంతస్తుకి వెళ్లాడు.

మూడో అంతస్తుకొచ్చేసరికి పొట్టిమేస్త్రీకి ఓపిక పోయింది. "డాక్టరూ, లోపం దొరికేదాకా మూతలు తీసే ఉంచుదాం. చివర్లో అన్నీ ఒకేసారి బిగించుకోవచ్చు. ఇలాగైతే తెల్లారిపోతుంది."

"ఎందుకు తీసుంచాలి?" అన్నాడు మెకానిక్, విసురుగా. "తప్పు లేదని తేలిందా, తిరిగి బిగించు. తర్వాతే రెండోదాని జోలికెళ్లు. తీసినవన్నీ తీసినట్టే వదిలేస్తే పాతది దొరక్కపోగా మనమే కొత్త లోపం తయారుచేస్తాం. ఇన్నేళ్లొచ్చాయి, నీకు నేను చెప్పాలా?"

పొట్టిమేస్త్రీ మరలు బిగించాడు. లోపం ఏడో అంతస్తులో దొరికింది. అక్కడి నాలుక నల్లగా మాడి ఉంది. దాన్ని మార్చి, లిఫ్టుని పదిసార్లు కిందికీ పైకీ తిప్పి చూశారు.

"నీ చెయ్యి పడితే దేవుడే దిగొస్తాడు," అన్నాడు పొట్టిమేస్త్రీ చేతులు తుడుచుకుంటూ. "ఇంతకీ పాప ఎలా ఉంది?"

"ఇంకా దొరకలేదు. దొరుకుతుంది."

ఆ ఉత్సాహంతోనే ఇంటికెళ్లాడు. ఆరూ పది. మాస్టారు గుమ్మంలో గడియారం చూపించి తలూపాడు. లోపల పాప రోజూలాగే ఏడుస్తోంది. వంటింట్లో భార్య అత్తగారికీ మొగుడికీ రాత్రి భోజనానికి ఉల్లిపాయలు తరుగుతోంది. తను తినకూడనివన్నీ వాళ్లిద్దరి కోసం రోజూ ఆమే వండుతోంది. ఉల్లిపాయలు ఇంత ఘాటుగా ఉన్నాయేంటో, ముంజేత్తో కళ్లు రెండుసార్లు తుడుచుకుంది. గుడ్లు గిలక్కొట్టి, ఆమ్లెట్టు వేసి, వేడివేడిగా తెచ్చి అతని ముందు పెట్టి అక్కడే నిలబడింది.

అతను తింటూ తలెత్తేసరికి ఆమె కళ్లు అతని కంచం మీదే ఉన్నాయి.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు.

ఆమె తలూపి వెనక్కి తిరగబోతూ తలుపు చట్రం పట్టుకుంది. ఓ క్షణం అలాగే కళ్లు మూసుకుని ఉండిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. గబుక్కున తిరిగాను, కళ్లు తిరిగాయంతే."

"పడుకో కాసేపు," అన్నాడు. ఆమె పడుకోలేదు. పాపని అత్తగారి చేతుల్లోంచి తీసుకుని నడవడం మొదలెట్టింది. అతను లేచి పుస్తకంలో 'క్యారెట్టు' అని రాశాడు.

శనివారం పాపని డాక్టరుకి చూపించాల్సిన రోజు. ఆరోగ్య కేంద్రం వరండాలో బల్లల నిండా తల్లులూ పిల్లలూ ఉన్నారు. మెకానిక్ సర్వీసు పుస్తకాన్ని కాగితం సంచీలో పెట్టి తెచ్చాడు. ఇంత పద్ధతిగా రాసుకొచ్చిన తండ్రిని వీళ్లెప్పుడూ చూసి ఉండరని అతనికి లోలోపల కాస్త గర్వంగానే ఉంది.

కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకున్న నడివయసు నర్సు పాప బట్టలు విప్పించి తూకం తొట్టిలో పడుకోబెట్టింది. పాప కాళ్లాడిస్తూ పైకప్పు చూస్తోంది. పగలు ఇంత బుద్ధిమంతురాలు ఎక్కడా ఉండదు.

"నాలుగు కిలోల తొమ్మిది వందలు," అంది నర్సు. "పుట్టినప్పుడు మూడు. భేష్."

డాక్టరు వచ్చి పాప పొట్ట నొక్కి, చెవులూ నోరూ చూసి, గుండె విని, బాగుందని చెప్పి తర్వాతి గదిలోకి వెళ్లాడు. నర్సు మిగతావి అడిగింది. జ్వరం ఉందా? కక్కుతోందా? రోజుకి ఎన్నిసార్లు బట్టలు తడుపుతోంది? పగలు నిద్రపోతోందా? అన్నిటికీ భార్య సరైన జవాబులే చెప్పింది.

"మరి సాయంత్రాలు ఏడుపండీ," అన్నాడు మెకానిక్. "కారణం వెతుకుతున్నాం. ఇదిగోండి."

నర్సు కళ్లజోడు కిందికి దింపుకుని పుస్తకం తెరిచింది. 'లోపం మొదలైన సమయం' దగ్గర ఆమెకి నవ్వొచ్చింది. పేజీ తిప్పాక నవ్వు తగ్గింది. ఇంకో పేజీ తిప్పి, వేలితో గళ్లవెంట కిందిదాకా వచ్చి, తలెత్తి మెకానిక్‌ని కాకుండా అతని భార్యని చూసింది.

"ఇలా రామ్మా. చెప్పులు విప్పి దీనిమీద నిలబడు."

"నేనా?"

"నువ్వే."

భార్య పెద్ద తూకం మీద నిలబడింది. నర్సు ముల్లు చూసి, బల్ల మీది ఫైలు తీసి పాత అంకె చూసి, రెండూ ఒకదాని పక్కన ఒకటి రాసింది.

"కాన్పయిన వారానికి యాభై ఆరు. ఇవాళ నలభై ఎనిమిది."

ఆమె గొంతు పెంచలేదు. మెకానిక్ ముందుకు వంగి ఆ రెండు అంకెలూ మళ్లీ చదివాడు. ఇరవై రోజులుగా పాపని గంటకోసారి పరీక్షగా చూశాడు. పక్కనే తిరుగుతున్న మనిషి ఎనిమిది కిలోలు కరిగిపోతే కంటికి కనిపించలేదు.

"కొందరు పిల్లలకి తల్లి తాగే పాలు పడకపోవడం ఉంటుంది, లేదనను," అంది నర్సు. "అలాంటి అనుమానం ఉంటే డాక్టరే చెప్తాడు. ఏదో ఒక్కదాన్నే రెండు వారాలు మాన్పించి చూస్తాం. తేడా లేకపోతే మళ్లీ తినమంటాం. మీరేం చేశారు? కాఫీ ఆపారు, ఏడుపు ఆగలేదు. ఉల్లిపాయ ఆపారు, ఆగలేదు. గుడ్డు ఆపారు, ఆగలేదు. మరి వాటిలో తప్పు లేదని తేలాక తిరిగి ఎందుకు పెట్టలేదు?"

నిన్న మూడో అంతస్తులో పొట్టిమేస్త్రీని కసిరిన మాటలు మెకానిక్ చెవుల్లో గింగురుమన్నాయి. ఇత్తడి నాలుక మీద చూపించిన న్యాయం ఇంట్లో ఆడమనిషి మీద చూపించలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఇంకోటి చూడండి," అంది నర్సు, అతన్ని అంతటితో వదలకుండా. "ఆరూ పది, ఆరూ పన్నెండు, ఆరూ ఎనిమిది. మీరు ఏది తీసినా ఆ టైముకే మొదలు, ఆ టైముకే ఆపు. ఈ వయసు పిల్లలు కొంతమంది ఇలాగే ఏడుస్తారు. ఆరు వారాలప్పుడు మరీ ఎక్కువ, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గిపోతుంది. ఎందుకని అడిగితే పెద్ద పెద్ద డాక్టర్లకే సరిగ్గా తెలీదు. ఇది పాడైపోయిన లిఫ్టు కాదు. పెరుగుతున్న పిల్ల."

"మరి నా పాలు?" అంది భార్య. ఆమె ఇంకా తూకం మీదే నిలబడి ఉంది.

"నీ పాలకేం? ఈ కిలో తొమ్మిది వందలూ ఎక్కడివనుకున్నావు? గాలి తిని పెరిగిందా నీ కూతురు?"

భార్య మూతి బిగబట్టింది. అది నవ్వో ఏడుపో బయటికి రానివ్వకుండా కాసేపు పోరాడి, చివరికి రెండింటినీ ఒకేసారి వదిలేసింది. వరండాలో కూర్చున్న ఆడవాళ్లు మెడలు సాచి చూశారు.

"సోమవారం నుంచి డబ్బా పాలు పట్టాలని..." అన్నాడు మెకానిక్. అనాలని అనలేదు, ముందే అనుకున్న మాట కాబట్టి వచ్చేసింది.

నర్సు అతనికి జవాబు చెప్పలేదు. "నీకేం కావాలమ్మా?" అని భార్యనడిగింది.

ఆ మాట ఇంతవరకు ఇంట్లో ఎవరూ అడగలేదు. భార్య తూకం దిగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

"నా పాలే ఇస్తాను," అంది, వరండా దాకా వినిపించేలా.

తర్వాత నర్సు మెకానిక్‌ని ముందుకు రమ్మని, చొక్కా చెయ్యి పైకి మడవమంది. పాపని అతని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టింది. తల మోచేతి వంపులో ఓ పక్కకి తిరిగి ఉంది. అరచెయ్యి పాప కాళ్ల మధ్య నుంచి ఆనింది. రెండు పక్కలా కాళ్లూ చేతులూ వేలాడాయి, గోడ మీద పిల్లి పడుకున్నట్టు.

"రెండో చెయ్యి వీపు మీద. చరవొద్దు, ఆనించండి చాలు. గదిలో దీపాలు తగ్గించండి. చేతులు గబగబా మార్చొద్దు. ఒకే రకంగా మెల్లిగా నడవండి, ఒకే గొంతుతో మాట్లాడండి. పాలయ్యాక నిటారుగా ఎత్తుకుని తేన్పు రానివ్వండి. ఇవన్నీ చేసినా ఏడవొచ్చు. ఏడిస్తే మీరు ఓడిపోయినట్టు కాదు. విసుగొస్తుంది, కోపమూ వస్తుంది, రాని మనిషుండడు. అప్పుడు ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, పక్కగదిలోకెళ్లి ఓ గ్లాసు నీళ్లు తాగి రండి. కుదపడం మాత్రం ఎప్పుడూ వద్దు. జ్వరమొచ్చినా, పచ్చగా కక్కినా, పాలు తాగడం మానేసినా ఆగకుండా తీసుకొచ్చెయ్యండి." పుస్తకం మూసి అతని సంచీలో పెట్టింది. "ఈమెకి కడుపునిండా పెట్టండి. నెక్స్ట్!"

ఇంటికొచ్చే దారిలో మెకానిక్ బజార్లో ఆగాడు. గుడ్లూ, చిక్కుళ్లూ, టమాటాలూ, అరటిపళ్లూ, పాలూ, కాఫీ పొడీ రెండు సంచులు నింపుకుని మూడంతస్తులూ మోశాడు. సాయంత్రం తనే వంటింట్లో దూరి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. ముక్కలు ఒకటి గింజంత, ఒకటి గోళీ అంత వస్తున్నాయి.

నాయనమ్మ మొహం మాడ్చుకుని ఎదురుగా కూర్చుంది. "నిన్నగాక మొన్న వచ్చిన నర్సులకి ఎక్కువ తెలుసు, పిల్లల్ని పెంచిన మాకు తక్కువ తెలుసు. నిన్ను కన్నప్పుడు మా అత్తగారు మూణ్ణెల్లు నన్ను కారం ముట్టనివ్వలేదు, పులుపు ముట్టనివ్వలేదు. నేను పల్లెత్తు మాటన్నానా?"

"మరి నేను ఏడుపు మానానా?"

"ఎక్కడ మానావు! ఆ మూణ్ణెల్లూ వీధిలో ఒక్కళ్లు కన్ను మూస్తే ఒట్టు."

"కారం మానేసినా ఏడ్చానా?"

"మానేసినా..."

ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఒళ్లో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీయబోతున్న వేళ్లు అలాగే ఉండిపోయాయి. మెకానిక్ తరగడం ఆపి తల్లి మొహం చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఆ మొహం ఇంత చిన్నబోవడం అతనెప్పుడూ చూడలేదు.

"ఒకరోజు నోరు చచ్చిపోయి, ఎవరూ చూడకుండా ఓ పచ్చిమిరపకాయ కొరుక్కున్నానురా," అంది మెల్లిగా. "ఆ సాయంత్రం నువ్వేడుస్తుంటే, అది నావల్లేనని గోడవైపు తిరిగి నేనూ ఏడ్చాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఇన్నేళ్లూ నిన్నేడిపించింది నేనేననుకుంటూనే ఉన్నాను."

గుమ్మంలో పాపతో నిలబడ్డ కోడలు ఆ మాటలన్నీ విన్నది. వచ్చి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ కోడలి ముంజెయ్యి పట్టుకుని, వేళ్లు దాని చుట్టూ తేలిగ్గా తిరిగి కలుసుకోవడం చూసి, చటుక్కున వదిలేసి చిక్కుళ్ల మీద పడింది. ఆ తర్వాత ఆవిడ ఈనెలు తీసిన వేగం చూడాల్సిందే.

ఆరూ పదకొండుకి పాప మొదలెట్టింది.

మెకానిక్ హాల్లో దీపం ఆర్పేశాడు. వంటింటి వెలుతురు సగం గది దాకా వస్తోంది. పాపని ముంజేతి మీద బోర్లా వేసుకుని, రెండో చెయ్యి వీపు మీద ఆనించి నడవడం మొదలెట్టాడు. పాప ఏడ్చింది. నిన్నటికంటే ఒక్క పిసరు కూడా తక్కువ ఏడవలేదు. ఏదో మంత్రం వేసినట్టు ఆగిపోతుందని అతను లోలోపల ఆశపడ్డాడు గానీ అలాంటిదేమీ జరగలేదు. అరగంటకి భుజం లాగింది. ముప్పావుగంటకి చెవిలో ఆ అరుపు సూదిలా దిగి, కోపం తన్నుకొచ్చింది. ఏడు వారాల పిల్ల మీద కోపం వచ్చినందుకు అతనికే భయం వేసింది. పాపని ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, వంటింట్లోకొచ్చి, కుళాయి కింద మొహం పెట్టాడు. తడి మొహంతోనే నీళ్లు తాగాడు.

భార్య లేవబోయింది.

"నువ్వు కూర్చో," అంది నాయనమ్మ. "నేను చూస్తాను." వెళ్లి పాపని నర్సు చెప్పినట్టే, చరవకుండా, చేతి మీద వేసుకుంది. చరవకుండా ఉండటానికి ఆవిడ పడుతున్న అవస్థ వీపు చూస్తేనే తెలుస్తోంది. అరగంట తర్వాత మెకానిక్ మళ్లీ అందుకున్నాడు.

ఏం మాట్లాడాలో తోచక, తలుపు వెనక ఇరుక్కుపోయినవాళ్లతో మాట్లాడే మాటలే మొదలెట్టాడు. "వచ్చేశానమ్మా. ఇక్కడే ఉన్నాను. గాలి ఆడుతుంది, భయం లేదు. పడిపోవు. కాస్త టైము పడుతుంది, అంతే. ఎక్కడికీ వెళ్లను." ఈసారి పైకెళ్లి తిప్పడానికి చక్రం లేదు. చేయగలిగింది ఈ మాట్లాడటమే. అదే చేశాడు. అరుపుల మధ్య ఆ పిల్ల పొట్ట తన చేతి మీద బిగుసుకోవడం, వదులవడం, మళ్లీ బిగుసుకోవడం అతనికి తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఏడుపు ఎప్పుడు మొదలైందీ ఎప్పుడు ఆగిందీ చూశాడు గానీ, ఏడుస్తున్న పిల్లని ఇంతసేపు మొయ్యడం ఇదే మొదటిసారి.

ఎనిమిదయ్యాక నాయనమ్మ బల్ల మీద కంచం పెట్టి కోడల్ని కూర్చోబెట్టింది. అన్నం, చిక్కుడుకాయ కూర, రెండు గుడ్ల ఆమ్లెట్టు, గ్లాసెడు పాలు. భార్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. హాల్లో పాప గుక్కపట్టిన ప్రతిసారీ కుర్చీలోంచి ఆమె ఒళ్లు పైకి లేస్తోంది. మళ్లీ కూర్చుంటోంది. కాసేపటికి తినడం మొదలెట్టింది. గబగబా, మాట్లాడకుండా, కంచం మీదినుంచి కళ్లు తియ్యకుండా తింటోంది.

మెకానిక్ ఏడుస్తున్న పాపతోనే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆమె తినడం చూస్తూ అక్కడే ఆగాడు.

"ఇంత ఆకలి పెట్టుకుని, ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

భార్య తలెత్తింది. ఆమె కళ్లలో ఇరవై రోజుల్లో మొదటిసారి కోపం కనిపించింది.

"బిడ్డ అలా ఏడుస్తుంటే, నాకు ఆకలేస్తోందని ఏ నోటితో చెప్పమంటారు?"

అతను తలొంచుకుని, వెనక్కి తిరిగి మళ్లీ నడవసాగాడు. గోడ నుంచి గోడకి తొమ్మిది అడుగులు, మళ్లీ తొమ్మిది అడుగులు.

తొమ్మిదవుతుండగా ఏడుపు మూలుగులోకి దిగింది. మూలుగు వెక్కిళ్లలోకి దిగింది. పాప పిడికిళ్లు ఒక్కో వేలూ విడిపోయి, చెయ్యి అతని మోచేతి మీద నుంచి కిందికి జారింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఎదురింటి మాస్టారి తలుపు మెల్లిగా మూసుకున్న చప్పుడు కూడా వినిపించింది.

"ఇంక దాని తల్లికిచ్చెయ్యరా," అంది నాయనమ్మ గుసగుసగా. "ఆ చెయ్యి పడిపోతుంది."

మెకానిక్ వంటింట్లోకొచ్చి చెయ్యి కొంచెం ముందుకు చాపాడు. భార్య పాప మొహం చూసింది. తర్వాత ఖాళీ కంచం చూసుకుంది.

"ఇంకాసేపు మీరే ఉంచుకోండి," అంది. "నాకింకా ఆకలిగా ఉంది."

నాయనమ్మ గిన్నె మూత తీసింది.